రాజమండ్రిలో గైడ్ లేకుండా నడవాలంటే: నాలుగు దారుల్లో మీకు సరిపడేది ఏది?

"ఒక పూట ఖాళీ ఉంది, ఊరు చూడాలంటే ఎటు వెళ్లాలి?" మా ఇంటికొచ్చే చుట్టాల్లో సగం మంది అడిగే ప్రశ్న ఇదే. ఇన్నాళ్లూ "గోదావరి గట్టుకి వెళ్లిరండి" అనేసి ఊరుకునేవాణ్ణి. అది తప్పు సలహా కాదు గానీ సగం సలహా. ఒక కార్తీకంలో హైదరాబాదు నుంచి వచ్చిన మేనకోడలు గట్టంతా నడిచొచ్చి, చెప్పులు విప్పుతూ అంది: "బావుంది మావయ్యా. కానీ వెయ్యేళ్ల ఊరు అన్నావు. ఆ వెయ్యేళ్లు ఎక్కడున్నాయి?"

అడగాల్సిన ప్రశ్నే. హంపీలోనో, ఓరుగల్లు కోటలోనో చరిత్ర రాయి రూపంలో ఎదురుగా నిలబడి ఉంటుంది. రాజమండ్రిలో అలా కాదు. రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరే, నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరే, కానీ ఆ కాలపు భవనం చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు. ఇక్కడ చరిత్ర ఎక్కువగా పేర్లలో ఉంది. సందుల పేర్లు, పేటల పేర్లు, ఒక గుమ్మం మీద శాసనం, ఒక ఇంటి గోడ. కాబట్టి ఏ దారిలో నడవాలన్నది మీకెంత సమయం ఉందన్నదాని కంటే, నడిచే ముందు రోజు రాత్రి ఎంత చదువుకుని వస్తారన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది.

## ముందుగా ఏం చూసుకోవాలి

హోంవర్క్. కొన్ని దారులు ఏమీ తెలియకుండా వెళ్లినా బావుంటాయి. కొన్ని దారుల్లో కథ తెలియకపోతే మీకు కనబడేది మామూలు వీధి, బట్టల కొట్లు, అడ్డంగా ఆపిన బైకులు. గైడ్ లేడు కాబట్టి కథ చెప్పే పని మీదే.

ఎండ. సంక్రాంతి దాటి నెలన్నర గడిచాక పది గంటల తర్వాత ఈ ఊళ్లో నడక అంటే శిక్ష. రోహిణి కార్తెలో అయితే ఆ మాటే ఎత్తకండి. గట్టు మీద గాలి ఉంటుంది, నీడ తక్కువ. పాత ఊరి సందుల్లో నీడ ఉంటుంది, గాలి ఉండదు.

తలుపులు. మీ దారిలో మ్యూజియం, గ్రంథాలయం, పాత ఇల్లు లాంటివి ఉంటే వాటి వేళలకు మీరు కట్టుబడాలి. రాష్ట్ర ప్రభుత్వ మ్యూజియంలకు మామూలుగా శుక్రవారం సెలవు. ఒకసారి పెదనాన్న గారిని అంత దూరం నడిపించుకెళ్తే తాళంకప్ప స్వాగతం చెప్పింది. అప్పటి నుంచి ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవడం అలవాటు చేసుకున్నాను.

మోకాళ్లు, పిల్లలు. మధ్యలో కూర్చోవడానికి చోటుందా, విసుగొస్తే వెంటనే ఆటో దొరుకుతుందా అన్నది పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు దూరం కంటే ముఖ్యం.

నీళ్లు. తాగే నీళ్లు కాదు, గోదావరి నీళ్లు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద కబురు చూసుకోకుండా రేవుల్లోకి దిగే ప్లాన్ వేయకండి.

ఇవి మనసులో పెట్టుకుని ఈ పట్టిక చూడండి. దూరాలన్నీ సుమారుగా చెప్పినవే, సందుల్లోకి తొంగిచూసే అలవాటుంటే పెరుగుతాయి.

| | గట్టు | మెయిన్ రోడ్డు, పాత పేటలు | వీరేశలింగం దారి | ధవళేశ్వరం |
|---|---|---|---|---|
| నడక | నాలుగైదు కి.మీ. | రెండు మూడు కి.మీ. | రెండు కి.మీ. | మూడు కి.మీ. లోపు, పైగా ఆటో ప్రయాణం |
| మంచి వేళ | తెల్లవారు, లేదా సాయంత్రం | ఉదయం 6.30 నుంచి 9 | ఉదయం 10 తర్వాత | ఉదయం, లేదా 4 దాటాక |
| హోంవర్క్ | అక్కర్లేదు | గంట సేపు | బాగా కావాలి | కొంచెం |
| నీడ | తక్కువ | ఫర్వాలేదు | ఫర్వాలేదు | దాదాపు లేదు |
| వేళల టెన్షన్ | మ్యూజియంకి మాత్రమే | లేదు | ఎక్కువ | కాటన్ మ్యూజియంకి |
| పెద్దవాళ్లతో | బావుంటుంది | ట్రాఫిక్ ఇబ్బంది | ఫర్వాలేదు | కొండ మెట్లు వదిలేస్తే సరే |
| పిల్లలతో | చాలా బావుంటుంది | కష్టం | విసుగు | బావుంటుంది |

## గట్టు: ఏమీ తెలియకపోయినా నష్టం లేదు

ఎగువన కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెట్టి, పుష్కర ఘాట్, మార్కండేయ స్వామి గుడి మీదుగా దిగువన గౌతమి ఘాట్ దాకా. నదిని కుడిచేతి వైపు పెట్టుకుని నడవడమే, దారి తప్పే ప్రశ్నే లేదు. అంతా నడవలేకపోతే ఏ రేవు దగ్గర ఆగినా ఆటో ఉంటుంది.

ఈ దారిలో చరిత్ర అంటే ముఖ్యంగా వంతెనలు. పాత వంతెన హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచాయి. అంతకు ముందు హౌరా, మద్రాసు మార్గంలో వచ్చినవాళ్లు ఇక్కడ రైలు దిగి, పడవలో నది దాటి, అవతల మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. 56 ఖానాల ఆ వంతెన 1997 దాకా పనిచేసి విశ్రాంతి తీసుకుంది. దాన్ని గట్టు మీంచి చూడండి చాలు, ఎక్కే ఆలోచన పెట్టుకోకండి. పైన రోడ్డు, కింద రైలు ఉన్నది 1974 నాటిది. విల్లుల్లా వంగిన కాంక్రీటు కమానులతో పోస్టర్లలో, సినిమాల్లో కనబడేది మూడోది. 1997లో హేవలాక్ దిగిపోతూ బాధ్యత అప్పజెప్పింది దీనికే. దానికి 28 కమానులు. పిల్లల్ని లెక్కపెట్టమనండి. ప్రతిసారీ వేరే అంకె వస్తుంది, ఈలోగా మీరు ప్రశాంతంగా ఒక టీ తాగొచ్చు.

దారిలో ఆగదగ్గది రాళ్లబండి సుబ్బారావు గారి పేరున్న ప్రభుత్వ మ్యూజియం. 1922లో ఈ ఊళ్లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టినవారిలో ఆయన ముఖ్యులు. ఇంగ్లీషులో ఎవరో రాసిన చరిత్ర మీద ఆధారపడకుండా మన శాసనాలు మనం చదువుకుందాం అనుకున్న తరం అది. మ్యూజియం 1967లో వచ్చింది. పెద్దదేమీ కాదు. శిల్పాలు, నాణేలు, మట్టిపాత్రలు చూడ్డానికి ముప్పావు గంట చాలు. కానీ మేనకోడలు వెతికిన వెయ్యేళ్లలో చేత్తో తాకేంత దగ్గరగా ఉన్న ముక్కలు ఉన్నది ఇక్కడే. (తాకకండి.)

ఈ దారితో ఇబ్బంది ఒకటే. అందంగా ఉంటుంది, అందులో మునిగిపోయి ఊరిని మర్చిపోతారు. గట్టు మీద విగ్రహాలకు కొదవ లేదు గానీ విగ్రహం కింద పేరు చదివితే ఊరు తెలిసినట్టు కాదు. నది కావాలా, ఊరు కావాలా అని తేల్చుకోండి. నది చాలు అనుకుంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇదే దారి పట్టండి. సాయంత్రం అయితే పుష్కర ఘాట్ దగ్గర హారతి వేళకు చేరేలా చూసుకోండి. కార్తీక మాసంలో తెల్లవారుజామున నీళ్ల మీద దీపాలు కదలడం చూడాలంటే నాలుగున్నరకే లేవాలి. అప్పుడు జనం ఉంటారు, బాగా ఉంటారు.

ఒక్క మాట. పుష్కర ఘాట్ దగ్గర 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజు తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. మళ్లీ పుష్కరాలు 2027లో. పన్నెండు రోజుల ఆ రద్దీలో స్నానానికి రండి, నడకకు మాత్రం కాదు.

## మెయిన్ రోడ్డు, పాత పేటలు: నాకు నచ్చిన దారి

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పక్షపాతం. నలుగురిలో ముగ్గురికి మొదటి పావుగంట ఈ దారి నచ్చదు.

మొదలు కోటగుమ్మం. పేరు విని కోట కోసం చుట్టూ చూడకండి. చాళుక్యుల తర్వాత, కాకతీయుల తర్వాత, రెడ్డిరాజుల కాలంలోనూ కోట ఉన్న ఊరే ఇది. శ్రీనాథుడు కాశీఖండం అంకితమిచ్చిన వీరభద్రారెడ్డి ఏలింది ఇక్కడి నుంచే. ఆ తర్వాత గజపతులు, గోల్కొండ, ఫ్రెంచివాళ్లు, 1758 చందుర్తి యుద్ధం తర్వాత ఇంగ్లీషువాళ్లు. ఇంతమంది చేతులు మారాక మనకు దక్కింది ఆటోవాడు అరిచే పేరు: "కోటగుమ్మం, కోటగుమ్మం, ఒక్కరు!" వెయ్యేళ్ల తెలుగు చరిత్రకు సంక్షిప్త రూపం ఆ కేక అని నాకు అనిపిస్తుంది. ఆయ్.

అక్కడి నుంచి మెయిన్ రోడ్డు పట్టుకుని నడవండి. కొట్లు తెరవక ముందే, ఏడింటికల్లా. పది దాటితే ఇది నడిచే రోడ్డు కాదు, తోసుకునే రోడ్డు. షట్టర్లు మూసి ఉన్నప్పుడే మేడ మీది అంతస్తులు కనబడతాయి. కింద ఫ్లెక్సీ బోర్డు, పైన గచ్చు పూలు, చెక్క కటకటాలు. ఈ నడకంతా తల పైకెత్తి నడవాలి, మధ్యమధ్య మాత్రం కిందకి చూసుకోండి, డ్రెయినేజీ పలకలు నమ్మదగ్గవి కావు.

మెయిన్ రోడ్డు మీది పెద్ద మసీదు దగ్గర ఆగండి. గుమ్మం మీద పర్షియన్ శాసనం ఉంది, 1324 నాటిది. సాలార్ ఉల్వీ కట్టించినట్టు చెబుతుంది. ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లొంగింది 1323లో. అంటే ఆ మరుసటి ఏడే ఢిల్లీ పాలన గోదావరి ఒడ్డున రాతిలో సంతకం పెట్టింది. ఈ స్థలం వెనుక అంతకు ముందరి గుడి కథ కూడా ఊళ్లో చెప్పుకుంటారు. పాత ఊళ్లలో ఒక పొర మీద ఇంకో పొర కూర్చోవడం మామూలే. నమాజు వేళ కాకుండా చూసుకుని, లోపల ఎవరైనా పెద్దవారు ఉంటే అడిగి శాసనం చూడండి. చెప్పులు విప్పడం, మాట నెమ్మదిగా ఉండటం చెప్పక్కర్లేదనుకుంటాను.

తర్వాత సందులు. నల్లమందు సందు అని ఒకటుంది. సర్కారు లైసెన్సుతో నల్లమందు బహిరంగంగా అమ్ముకున్న రోజుల్ని ఆ పేరు ఇంకా మోస్తోంది. వంకాయలవారి వీధి, గుండువారి వీధి, నాళం భీమరాజు వీధి. ఇవి ఇళ్ల పేర్లు, మనుషుల పేర్లు. అధికారులు పెట్టిన పేర్లు మారిపోతాయి, ఇంటిపేర్లు మారవు. కాస్త అవతలికి వెళ్తే మంగళవారప్పేట, లక్ష్మీవారప్పేట. మాకు గురువారం అంటే లక్ష్మీవారమే, ఆ సంగతి పేట పేరులోనే ఉంది. ఇన్నీసుపేట వైపు తిరిగితే తెల్లదొరల కాలం ఇంగ్లీషు వాసన. ఓపిక ఉంటే దసరా నవరాత్రులకు పేరుపడ్డ దేవీచౌక్ దాకా వెళ్లొచ్చు. బట్టల హోల్‌సేలు మీద ఆసక్తి ఉంటే తాడితోట, కానీ అది నడక కాదు, షాపింగు.

ఈ దారిలో ఫోను మ్యాపు సగమే పనిచేస్తుంది. మ్యాపులో ఉన్న పేరు వీధిలో ఎవరికీ తెలియదు, వీధిలో అందరూ పిలిచే పేరు మ్యాపులో ఉండదు. అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన్ని అడగండి. "ఎవరింటికండీ?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఎవరింటికీ కాదు, ఊరు చూడ్డానికి అంటే కొంచెం వింతగా చూస్తారు, తర్వాత పదిహేను నిమిషాలు వదలరు. నాకు తెలిసిన మంచి గైడ్లంతా ఇలా దొరికినవాళ్లే.

మండువా లోగిళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి, ఏడాదికేడాది తగ్గుతున్నాయి. పోయినసారి చూసిన ఇల్లు ఈసారి సెల్లారు గొయ్యి అయ్యుండొచ్చు. తలుపు తీసి ఉందని లోపలికి ఫోటో తీయకండి, అది వాళ్ల ఇల్లు.

చివర్లో కోటగుమ్మం వైపే వెనక్కి వస్తే రోజ్ మిల్క్. ఇందులో చరిత్ర ఉందా అంటే ఉంది, కానీ గ్లాసు ఖాళీ అయ్యాక మాట్లాడుకుందాం.

మైనస్‌లు దాచను. ట్రాఫిక్, శబ్దం, కూర్చోవడానికి చోటు లేకపోవడం. వీల్‌చెయిర్ అయితే ఈ దారి వద్దు. పదేళ్ల లోపు పిల్లలు మసీదు దాటే లోపే "ఇంకెంత సేపు" మొదలుపెడతారు.

## వీరేశలింగం దారి: చదువుకుని రండి, లేకపోతే రాకండి

పై దారికి ఆనుకునే ఉంటుంది గానీ స్వభావం వేరు. అది ఊరి నడక, ఇది ఒక మనిషి వెనకాల నడక.

కందుకూరి వీరేశలింగం 1848లో ఈ ఊళ్లో పుట్టారు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. వంకాయలవారి వీధిలో ఆయన ఇంటిని పురావస్తు శాఖ కాపాడుతోంది. ఊరు ఆయన్ని వెలివేసినప్పుడు వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చుకుని వండిపెట్టారు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే దారి మారిపోతుంది. ఇల్లు చూసి బయటికొచ్చాక ఆటో ఎక్కకండి. అక్కడి నుంచి రేవు దాకా నడవండి. పెద్ద దూరం కాదు. కానీ నిండు బిందెతో తిరిగి రావాలి, దారి పొడుగునా గుమ్మాల్లోంచి ఊరు చూస్తుండగా రావాలి, రేపు మళ్లీ వెళ్లాలి. సంఘ సంస్కరణ గురించి బళ్లో రాసిన ఐదు మార్కుల జవాబులో ఈ దూరం లేదు.

ఇంటి తర్వాత 1890లో ఆయన కట్టించిన టౌన్ హాల్. ఊరి జనం ఒకచోట కూర్చుని వాదించుకోవడానికి గది కావాలని ఒక మనిషి అనుకుని కట్టించాడు. అది భవనంగా కన్నా ఆలోచనగా పెద్దది. ఎస్‌కేవీటీ అని అందరూ పిలిచే విద్యాసంస్థ బోర్డు కనబడితే ఒక క్షణం ఆగండి. శ్రీ కందుకూరి వీరేశలింగం తర్వాత వచ్చే ఆ 'టీ' అంటే థీస్టిక్, ఆస్తిక అని. రోజూ ఆ పేరు పలికే వాళ్లలో ఎంతమందికి తెలుసో.

ఈ దారికే రెండు తలుపులు కలుపుకోవచ్చు. ఒకటి గౌతమీ గ్రంథాలయం, 1898 నాటిది. ఇంకోటి దామెర్ల రామారావు చిత్రశాల. దామెర్ల 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే ఆయన చెయ్యి చూసి గుర్తుపట్టి, బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకు పంపారు. ఆయన బొమ్మల్లో గోదావరి ఆడవాళ్లు, నీళ్లు, సాయంత్రం వెలుగు చూశాక గట్టు మీదికి వెళ్తే గట్టు వేరేగా కనబడుతుంది. బొమ్మల మీద ఏమాత్రం ఇష్టం ఉన్నా మిగతావన్నీ వదిలేసి ఇక్కడ గంట గడపండి అంటాను.

స్వాతంత్ర్యోద్యమం మీద ఆసక్తి ఉన్నవాళ్లు పాల్ చౌక్ కూడా కలుపుకోండి. 1907లో బిపిన్ చంద్ర పాల్ ఈ ఊరు వచ్చి మాట్లాడితే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులోకి చెప్పారు. భారతదేశాన్ని పాడియావుతో పోల్చిన పద్యం అప్పటిదే. ఆ వేడిలోనే వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద వేటు పడింది, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని ట్రైనింగు కాలేజీ నుంచి పంపేశారు.

ఎవరికి వద్దు? ఫోటోలు ముఖ్యమనుకునేవాళ్లకు వద్దు. ఆ ఇల్లు, ఆ హాలు చూసి "ఇంతేనా" అంటారు. వేళలు కలవక తాళాలు చూసి చిరాకుపడేవాళ్లకూ వద్దు. ఎవరికి కావాలి? తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు, పదో తరగతి దాటిన పిల్లలున్నవాళ్లకు. విదేశాల్లో పుట్టి పెరిగిన మన పిల్లలకు కూడా ఇదే నప్పుతుందని నా అనుభవం. గుడి, రేవు వాళ్లకు అమ్మమ్మగారి ఊరి సెలవుల్లో చూసినవే. బాల్యవివాహం, వెలి, ఎదిరించిన ఒక జంట కథ మాత్రం వాళ్లు ప్రశ్నలు వేస్తూ వింటారు.

## ధవళేశ్వరం: ఇంజనీర్లకు, రైతు బిడ్డలకు

ఊరి మధ్య నుంచి దిగువకు ఏడెనిమిది కిలోమీటర్లు. బస్సో ఆటోనో తప్పదు, దిగాక నడక.

1832-33 కరువు ఈ డెల్టాను పీల్చిపిప్పి చేసింది. పక్కనే నది పారుతుండగా ఆకలి. సర్ ఆర్థర్ కాటన్ ఆ లెక్క తప్పని చెప్పి, 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, మధ్యలో లంకలు కలుపుకుంటూ నాలుగు ముక్కలుగా నదిని ఆపారు. ఇప్పుడు మీరు చూసేది దాని స్థానంలో 1970ల్లో మొదలై 1982కి వచ్చిన బ్యారేజీ. స్నానం చేస్తూ సంకల్పంలో కాటన్ దొర పేరు తలుచుకునే పురోహితులు ఉన్నారంటే బయటివాళ్లు నమ్మరు. ఇక్కడికొచ్చి కాలువల్లో పారే నీళ్లు చూశాక నమ్ముతారు.

కాటన్ మ్యూజియంలో పాత పనిముట్లు, నమూనాలు ఉన్నాయి. పిల్లలకు నచ్చుతుంది, ఎందుకంటే నీళ్లు ఎలా మళ్లుతాయో బొమ్మలో చూసి బయటికొచ్చి నిజంగా చూడొచ్చు. బ్యారేజీ మీద నడిచేటప్పుడు పిల్లల చెయ్యి వదలకండి, అది వాహనాలు తిరిగే రోడ్డు కూడా.

వానాకాలంలో వచ్చేవాళ్లు మూడు అంకెలు గుర్తుపెట్టుకోండి. నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాకముందు, నీళ్లు ఎర్రబారి వస్తున్నప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. హెచ్చరిక వచ్చాక టీవీలో చూడండి. 1986 ఆగస్టు వరద గుర్తున్నవాళ్లు ఇక్కడ ప్రతి టీ కొట్టు దగ్గరా ఉంటారు, అడిగితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెయ్యెత్తి చూపిస్తారు.

జనార్దన స్వామి గుడి కొండ ఎక్కితే నది, బ్యారేజీ, పచ్చని చేలు ఒకేసారి కళ్లబడతాయి. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము నవల మొదలయ్యేది ఈ ధవళేశ్వరంలోనే, కాబట్టి పై దారి ఇష్టపడ్డవాళ్లకు ఇక్కడ ఒక కొసరు.

నష్టం ఏమిటంటే, ఇక్కడికొస్తే రాజమండ్రి ఊరు చూసినట్టు కాదు. ఉన్నది ఒక్క పూటే అయితే దీన్ని ఎంచుకోవద్దనే అంటాను. మీ తాత ముత్తాతలు డెల్టా రైతులైతే మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

## ఫోనా, కాగితమా, మనిషా

గట్టుకి ఏమీ అక్కర్లేదు. ధవళేశ్వరానికి ఫోను మ్యాపు చాలు. మధ్య రెండు దారులకు నేను చేసేది ఇది: ముందు రోజు రాత్రి ఒక తెల్లకాగితం మీద ఏడెనిమిది చోట్ల పేర్లు, ఒక్కోదానికి రెండు వాక్యాల కథ, ఎదురుగా ఏడాది రాసుకుంటాను. మ్యాపు ఆఫ్‌లైన్‌లో దింపుకుంటాను. వీధిలో ఫోను చూస్తూ నడిస్తే మనల్ని ఎవరూ పలకరించరు, చేతిలో కాగితం ఉంటే పలకరిస్తారు. ఇద్దరు వెళ్తే ఒకరు చదవండి, ఒకరు చూడండి. ఐదుగురు దాటితే సందుల్లో ఊరేగింపులా ఉంటుంది, విడిపోండి.

## ఎవరు ఏది

రైలుకీ రైలుకీ మధ్య మూడు గంటలుంటే: సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి, కోటగుమ్మం, మసీదు, పుష్కర ఘాట్. గోదావరి స్టేషన్‌లో దిగగలిగితే ఇంకా దగ్గర. మధ్యాహ్నం రెండుకి దిగితే మాత్రం మ్యూజియంలోనో చిత్రశాలలోనో తలదాచుకుని, నాలుగున్నరకి గట్టు.

అమ్మానాన్నలతో వస్తే: సాయంత్రం గట్టు, అదీ మార్కండేయ స్వామి గుడి నుంచి పుష్కర ఘాట్ దాకా మాత్రమే. మొత్తం నడిపించి మర్నాడు మోకాళ్లకు తైలం రాయకండి.

చిన్నపిల్లలుంటే: వంతెన కమానుల లెక్క, లేదా ధవళేశ్వరం. ఒంటరిగా, కెమెరాతో వస్తే ఏడింటికి మెయిన్ రోడ్డు. ఆడవాళ్లు ఒంటరిగా నడిచినా ఉదయం పూట పాత ఊరు సందడిగానే ఉంటుంది, ఇబ్బంది ఉండదని మా ఇంట్లోవాళ్ల మాట. చీకటి పడ్డాక రేవుల్లో జనం లేని చివర్లకు వెళ్లొద్దని కూడా వాళ్లే అన్నారు.

రెండు రోజులుంటే, మొదటి ఉదయం మెయిన్ రోడ్డు, టిఫిన్‌కి పెసరట్టు ఉప్మా, పదింటికి వీరేశలింగం గారి ఇల్లు, అక్కడి నుంచి నడిచి గోదావరి. రెండో రోజు ధవళేశ్వరం. శుక్రవారం పడకుండా చూసుకోండి.

మేనకోడలు తర్వాతి సంక్రాంతికి మళ్లీ వచ్చింది. ఈసారి మెయిన్ రోడ్డు నడిచింది, కాగితం నేనే రాసిచ్చాను. తిరిగొచ్చాక వెయ్యేళ్ల గురించి అడగలేదు. నల్లమందు సందులో ఒక పెద్దావిడ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిందట, ఆవిడ ఇంటిపేరు మాకేమైనా చుట్టరికమేమో కనుక్కోమంది.